నిలబడ్డ సీసా, పడుకున్న సీసా

మహారాష్ట్ర పల్లెల్లో అప్పుడప్పుడు ఒక ఓటింగు జరుగుతుంది. ఆ బ్యాలెట్ కాగితం మీద పార్టీ గుర్తులుండవు, అభ్యర్థుల పేర్లుండవు. రెండు సీసా బొమ్మలుంటాయి. ఒకటి నిలబడి ఉంటుంది, రెండోది పడుకుని ఉంటుంది. ఊళ్లో మద్యం దుకాణం ఉండాలనుకునేవారు నిలబడ్డ సీసా మీద, మూసేయాలనుకునేవారు పడుకున్న సీసా మీద ముద్ర వేయాలి. ‘ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ’ అని మరాఠీలో దానికి పేరు. ఊరి మహిళా ఓటర్లలో 25 శాతం మంది సంతకాలు పెట్టి అడిగితే అధికారులు ఈ ఓటింగు పెట్టక తప్పదు. జాబితాలో ఉన్న మహిళా ఓటర్లలో సగానికి పైగా పడుకున్న సీసాను ఎంచుకుంటే దుకాణానికి తాళం పడుతుంది. అక్కడి మహిళా సంఘాలు, మద్య వ్యతిరేక కార్యకర్తలు ఏళ్ల తరబడి వెంటపడి సాధించుకున్న ఏర్పాటు ఇది. సారా మీద పోరాటంలో దేశానికే దారి చూపిన నెల్లూరు ఆడవాళ్ల చేతికి మాత్రం అలాంటి కాగితం ఎన్నడూ అందలేదు. వాళ్ల పోరాటం వల్ల మద్య నిషేధం వచ్చింది, పోయింది. అది ఎందుకు పోయిందో సరిగ్గా అర్థం చేసుకుంటే, ఈ రోజు మహిళా సంఘాలు ప్రభుత్వాలను ఏం అడగాలో తేలుతుంది.

1992 నాటి సారా పోరాటం సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. కానీ అందులో ఒక భాగాన్ని మనం మరచిపోతూ ఉంటాం. 1980లలో సారాను పాలిథిన్ ప్యాకెట్లకెత్తి, ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టి ప్రభుత్వమే పల్లెపల్లెకూ చేర్చింది. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ డబ్బు చాలావరకు కూలి ఇళ్ల నుంచే వచ్చింది. సాయంత్రం కూలి డబ్బు చేతికందే చోటికీ, ఇంటి పొయ్యికీ మధ్యలో సారా కొట్టు కూర్చుంది. అక్షరాస్యత ఉద్యమం పుణ్యమా అని నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని ఒకచోట చేరినప్పుడు, అక్షరాలతో పాటు ఈ బాధ కూడా బయటికి వచ్చింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించిన కథ వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పొలిమేరల్లో కాపలా కాశారు. సారా వేలం పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. మనం మరచిపోయే భాగం ఏమిటంటే, వాళ్లు మొదట అడిగింది రాష్ట్రవ్యాప్త నిషేధం కాదు. ‘మా ఊళ్లోకి సారా రాకూడదు’ అన్నారు. ఊళ్లో దుకాణం ఉండాలో వద్దో తేల్చే అధికారం తమదేనన్నారు. కొన్ని నెలలపాటు ఆ అధికారాన్ని ఏ చట్టమూ ఇవ్వకపోయినా చేతల్లో చూపించారు.

ప్రభుత్వం దిగివచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ప్రమాణ స్వీకారం చేస్తూనే సంపూర్ణ మద్య నిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. రెండేళ్లు దాటాయో లేదో, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఖజానా లోటునూ, దొంగ రవాణానూ కారణాలుగా చూపి ఆ చట్టాన్ని సవరించింది. సారా నిషేధం అలాగే ఉంది, మిగతా మద్యానికి తలుపులు తెరుచుకున్నాయి. ఇది పార్టీల తప్పొప్పుల లెక్క కాదు. చట్టం తెచ్చింది ఒకరు, సవరించింది ఇంకొకరు, ఇద్దరూ ఎన్నికైన ముఖ్యమంత్రులే. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. ఆ చట్టం కలెక్టరుకు, ఆబ్కారీ శాఖకు, పోలీసులకు అధికారాలిచ్చింది. ఏ ఆడవాళ్ల పోరాటం వల్ల పుట్టిందో వాళ్ల చేతికి మాత్రం నిర్ణయాధికారం ఇవ్వలేదు. సవరించేముందు వాళ్లను అడగాలన్న నియమమూ లేదు. ఊరిలో తీసుకున్న నిర్ణయాన్ని రాజధానికి తీసుకెళ్లి పెట్టారు. రాజధానిలో పెట్టిన దాన్ని రాజధానిలోనే తీసేశారు.

అదే రోజుల్లో ఇంకొకటి కూడా జరిగింది. సారా మీద గెలిచిన ఆడవాళ్లను రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోమని నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ మొదలైంది. ఆ రూపాయి చాలా మేలు చేసింది, కాదనను. డ్వాక్రా సంఘాలుగా పెరిగి వడ్డీ వ్యాపారుల నుంచి లక్షల కుటుంబాలను కాపాడింది. కానీ సంఘం అన్న మాటకు అర్థం ఆ దారిలో మారిపోయింది. వేలం పాటలు ఆపించిన సంఘం అప్పు వాయిదాల పుస్తకం దగ్గరికి వచ్చి ఆగింది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాల మహిళలను సభలకు పిలుస్తారు, పథకాల లబ్ధిదారుల జాబితాలు వాళ్ల చేత సరిచూయిస్తారు, రుణాల చెక్కుల ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఒక విధానం ముసాయిదాగా ఉండగానే వాళ్ల ముందు పెట్టి ‘ఏమంటారు?’ అని అడగడం మాత్రం అరుదు. ఇంత పెద్ద వ్యవస్థను ప్రభుత్వం తన మాట ఊళ్లకు చేర్చడానికే వాడుకుని, ఊళ్ల మాట తన దగ్గరికి రావడానికి వాడుకోకపోవడం నష్టం.

మహిళా సంఘాల మాట ముసాయిదా దశలోనే వినిపిస్తే చట్టం ఎంత మారుతుందో గృహహింస చట్టం చెబుతుంది. 2000 దశకం మొదట్లో కేంద్ర ప్రభుత్వం తయారుచేసిన బిల్లులో, కొట్టడం ‘అలవాటుగా’ సాగుతుంటేనే అది హింస. తన ఆస్తినో తననో కాపాడుకోవడానికి కొట్టానని మగవాడు చెప్పుకునే వీలూ అందులో ఉంది. ఒకసారి చెయ్యి విరిస్తే అది అలవాటు కిందికి వస్తుందా? ఈ ప్రశ్న వేసింది మహిళా సంఘాలు, వాళ్లతో పనిచేసిన న్యాయవాదులు. వాళ్లు పార్లమెంటరీ స్థాయీ సంఘం దాకా వెళ్లి వాదించారు. 2005లో వచ్చిన చట్టంలో ఆ మాటలు లేవు. ఆ ఇంట్లోనే ఉండే హక్కు వచ్చింది. అదే చట్టంలో రక్షణ అధికారి ఉన్నారు, స్వచ్ఛంద సంస్థలు ‘సేవా ప్రదాత’లుగా నమోదై ఫిర్యాదు రాసిపెట్టే వీలూ ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టానిదీ ఇలాంటి కథే. రాజస్థాన్‌లో బాల్య వివాహాన్ని ఆపబోయిన ప్రభుత్వ కార్యకర్త భన్వరీ దేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ‘విశాఖ’ తదితర సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో మార్గదర్శకాలు, మరో 16 ఏళ్లకు, 2013లో చట్టం వచ్చాయి. దాని ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఒక కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు మహిళ కావాలి, బయటి నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో ఈ విషయం తెలిసిన వ్యక్తో అందులో కూర్చోవాలి.

ఈ రెండు చట్టాలూ బాగా అమలవుతున్నాయని నేను అనను. జిల్లాల్లో కమిటీలు వేయమని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులోనూ, రక్షణ అధికారులను నియమించమని 2025 మేలోనూ రాష్ట్రాలకు గడువులు పెట్టాల్సి వచ్చింది. గృహహింస చట్టం వచ్చి ఇరవై ఏళ్లవుతుండగా ఆ మాట చెప్పించుకోవడం ఏ రాష్ట్రానికీ గౌరవం కాదు. అయినా తేడా గమనించండి. ఆ గడువులు వచ్చింది ఎందుకంటే, చట్టంలో ఫలానా కమిటీ ఉండాలి, ఫలానా అధికారి ఉండాలి అని రాసి ఉంది. కమిటీ ఎక్కడుందని అడిగే హక్కు దాని వల్లే వచ్చింది. మద్య నిషేధ చట్టం సవరించినప్పుడు దూబగుంట ఆడవాళ్లు కోర్టుకు వెళ్లి చూపించడానికి తమను అడగాలన్న వాక్యం ఏదీ లేదు.

ఈ వాదనకు అడ్డు చెప్పేవారున్నారు. ‘మహిళా సంఘాలను ఎవరు ఎన్నుకున్నారు? శాసనం చేయడానికి శాసనసభ్యులున్నారు కదా’ అనేది మొదటి అభ్యంతరం. శాసనం చేయాల్సింది సభే, సందేహం లేదు. కానీ ఆ సభ ఇప్పుడు ఎవరి మాటా వినకుండా పనిచేయడం లేదు. మద్యం విధానం తయారయ్యే రోజుల్లో దుకాణదారుల గోడు, డిస్టిలరీల గోడు ప్రభుత్వానికి చేరుతూనే ఉంటుంది. వాళ్లనూ ఎవరూ ఎన్నుకోలేదు. 2014లో కేంద్రం ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని విధానం చేసుకున్నది ఈ ఎక్కువ తక్కువలను సరిచేయడానికే. వినడం వేరు, తలొగ్గడం వేరు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. చదువుకున్న పట్నపు మహిళలు పేద ఆడవాళ్ల పేరుతో మాట్లాడి, వాళ్లకే నష్టం తెచ్చిన సందర్భం మన చరిత్రలో ఉంది. 1920ల చివర మద్రాసు శాసన మండలిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ పద్ధతి రద్దుకు పోరాడారు. మహిళా సంఘాలు ఆమె వెనుక నిలబడ్డాయి. చిన్నపిల్లలను గుడికి అంకితం చేయడం ఆపాలన్న ఆమె పట్టుదలలో న్యాయం ఉంది. కానీ అదే సమయంలో దేవదాసీలు కూడా సంఘం కట్టుకుని ప్రభుత్వానికి విన్నపాలు పెట్టారు. కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ వాళ్లలో ఒకరు. మా ఆస్తి హక్కు ఏమవుతుంది, మా కళ ఏమవుతుంది అని అడిగారు. వాళ్లకు సరైన జవాబు రాలేదు. 1947లో చట్టం వచ్చింది. తర్వాత కోస్తాలో పెళ్లి మేళాలు కూడా నిషేధంలోకి వెళ్లాయి. పాటా ఆటా తప్ప వేరే బతుకుదెరువు తెలియని, తెలుగు దేవదాసీలైన కళావంతుల కుటుంబాలు దిక్కుతోచక నిలబడ్డాయి. ఈ తప్పును ఒప్పుకోకుండా మహిళా సంఘాల గురించి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు. అయితే దీని నుంచి నేర్చుకోవాల్సింది సంఘాలను పక్కన పెట్టమని కాదు. చట్టం ఎవరి బతుకును తాకుతుందో వాళ్ల సంఘం మొదటి వరసలో కూర్చోవాలి. నెల్లూరులో కొట్టు మూయించింది ఆ సారా వల్ల దెబ్బలు తిన్న ఆడవాళ్లే, వాళ్ల తరఫున మాట్లాడటానికి ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు. ఆ ఉద్యమానికి అంత బలం అందుకే వచ్చింది.

మూడోది ఖజానా మాట. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ పెడితే దరఖాస్తు ఫీజుల మీదే ప్రభుత్వానికి 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. సీసా ఒక్కటీ అమ్మకముందే ఇంత రాబడి ఉన్నప్పుడు ఏ ఆర్థిక మంత్రి అయినా నిషేధం అన్న మాటకు ఉలిక్కిపడతారు. దొంగ మద్యం, నాటుసారా, కల్తీ చావుల భయం కూడా కల్పించిన మాట కాదు. సంపూర్ణ నిషేధం ఆ భయాలకు జవాబు చెప్పలేకపోయిందని 1997 చూపించింది. కానీ మహారాష్ట్ర తరహా ఊరి ఓటు సంపూర్ణ నిషేధం కాదు. ఏ ఊళ్లో ఆడవాళ్లకు ఇబ్బంది గొంతుదాకా వచ్చిందో ఆ ఊళ్లోనే దుకాణం పోతుంది. రాష్ట్రం రాబడి ఒక్కరోజులో కూలిపోదు. పైగా మహిళా ఓటర్ల మొత్తం జాబితాలో సగం దాటాలన్న నిబంధన చాలా కఠినం. ఓటుకు రానివారంతా దుకాణం పక్షాన ఉన్నట్టే లెక్క. అంత కష్టపడి గెలిచిన ఊరి నిర్ణయాన్ని దొంగ మద్యం నుంచి కాపాడటానికి ఆ ఊరి ఆడవాళ్లే కాపలా ఉంటారు. 1992లో వాళ్లు ఉన్నారు కూడా.

కాబట్టి రెండు రాష్ట్రాల మహిళా సంఘాలు ఈసారి ‘మద్యం మానిపించండి’ అని ప్రభుత్వాన్ని బతిమాలకుండా, ఊరి ఓటు చట్టాన్ని అడగాలి. ఎంతమంది సంతకాలు పెడితే ఓటింగు జరగాలి, ఎన్ని రోజుల్లో జరగాలి, ఫలితం వచ్చాక ఎన్ని రోజుల్లో దుకాణం మూయాలి, బెల్టు షాపు కనిపిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఆ ఫిర్యాదు మీద చర్య లేకపోతే ఎవరు జవాబు చెప్పాలి, ఇవన్నీ చట్టంలోనే రాయించాలి. తర్వాత వచ్చే ప్రభుత్వం దాన్ని మార్చదలిస్తే ముసాయిదాను ముందు గ్రామ సభల్లో చదివి వినిపించాలన్న నిబంధన కూడా కావాలి. శాసనసభ్యులకు ఇది కొత్త ఆలోచనేమీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామ సభకు ఉండాలని 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం చెప్పింది. అరకు, ఏటూరునాగారం ఏజెన్సీ పల్లెలకు కాగితం మీదైనా దక్కిన ఆ మాట మైదానంలోని ఊళ్లకు దక్కలేదు. రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఊళ్లో మద్యం దుకాణం ఉండాలో వద్దో ఓటు వేసి తేల్చే హక్కు దూబగుంట ఆడవాళ్లకు ఈనాటికీ లేదు.