కుస్తీ ఉత్తుత్తిదైతే ఏటట? అసలు తెగులు వేరే ఉంది



ఎప్పుడూ ఊడుపులు, ఎరువులు, ధాన్యం డబ్బులు అని రాసే నేను ఈరోజు టీవీ కుస్తీ మీద రాస్తున్నానేటని అనుకోకండి. చివరిదాకా చదివితే ఇదీ మన గొడవేనని మీకే తెలుస్తాది.

మొన్న కళ్లంలో నూర్పు అయ్యాక బస్తాల మీద కూర్చున్నాం. మా మేనల్లుడు సెల్‌ఫోన్లో డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తున్నాడు. పక్కనున్న పెద్దాయన "ఒరే గుంటడా, అదంతా దొంగాట. ముందే మాటాడుకుని కొట్టుకుంటారు" అన్నాడు. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం పెద్దాయన మాట సగమే నిజం అనిపించింది.

ఆ సంగతి కంపెనీ దాచిందీ లేదు. 1989లోనే అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం చట్టసభ వాళ్లకి "మాది పోటీ కాదు, వినోదం" అని చెప్పేసుకుంది. ఎందుకంటే పోటీ అంటే ప్రభుత్వం అజమాయిషీ, ఆటల మీద పన్ను. వినోదమంటే ఆ బాధ లేదు. అంటే గుట్టు విప్పింది కూడా లెక్క చూసుకునే.

అయినా కథ ముందే తెలిస్తే చూడకూడదా? మన తూర్పు భాగవతం చూడండి. సత్యభామ అలుగుతాది, చివరికి కృష్ణుడు వస్తాడు. మా తాత కాలం నుంచి అదే కథ. అయినా మృదంగం మోగితే తెల్లవార్లూ కదలకుండా కూర్చునే వాళ్లం. ఆడేవాడు నమ్మి ఆడితే చూసేవాడు నమ్ముతాడు. పైగా కుస్తీలో గెలుపు ముందే రాసుకున్నా, పది అడుగుల మీంచి పడిన నడుం నిజంగానే పడతాది. అంచేత దొంగాట అన్నది ఆ ఆటకున్న తెగులు కాదు. తెగుళ్లు వేరే ఉన్నాయి, నాకు మూడు కనిపించాయి.

మొదటిది, భూమికి విరామం లేకపోవడం. మనం వరి కోశాక మినుమో పెసరో చల్లుతాం, వేసవిలో దుక్కి ఆరనిస్తాం. ఆ కంపెనీ రా అని, స్మాక్‌డౌన్ అని, ఎన్ఎక్స్‌టీ అని ప్రతి వారం, ఏడాది పొడుగునా ఆట వేస్తాది. ఏ కవికైనా అన్ని కథలు ఎక్కడ దొరుకుతాయి? అదే జోడీ మళ్లీ మళ్లీ, అదే వెన్నుపోటు, అదే పగ. బెల్టులు కూడా ఎక్కువైపోయి, ఛాంపియన్ అన్న మాట చవకైపోయింది.

రెండోది, విత్తనం వడ్లు వండుకు తినేయడం. అండర్‌టేకర్ గుర్తున్నాడు కదా? రెజిల్‌మేనియాలో వరసగా 21 గెలుపులు. ఇరవై ఏళ్లు పైబడి పెంచిన చెట్టు అది. 2014లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఓడించారు. లెస్నర్ అప్పటికే పెద్ద పేరున్నోడు, అప్పుడప్పుడు వచ్చి పోయేవాడు. అదే గెలుపు ఓ కొత్త కుర్రాడికిచ్చుంటే, ఇంకో పదేళ్లు వాడి పేరు మీద బండి నడిచేది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆట వేసినప్పుడు కూడా జనం ఎక్కువగా ఎదురుచూసింది 46 ఏళ్ల జాన్ సీనా కోసమే. సీనా మంచి ఆటగాడే, కాదనను. కానీ పాత ఎద్దు మీదే దుక్కంతా పెట్టుకుంటే కోడెదూడకి కాడి అలవాటు చేసేది ఎప్పుడు?

మూడోది వ్యాపారం. కంపెనీ నష్టాల్లో ఉందనుకుంటే పొరపాటు. రా షోని 2025 జనవరి నుంచి నెట్‌ఫ్లిక్స్‌కి ఇచ్చారు. పదేళ్లకి 500 కోట్ల డాలర్ల పైమాట. మన దేశంలోనూ సోనీ ఛానెళ్లు ఒగ్గేసి నెట్‌ఫ్లిక్స్‌కే వెళ్లిపోయింది. ఒకప్పుడు కేబుల్ కనెక్షన్ ఉంటే చాలు, వీధి అరుగు మీద ఒక్క టీవీకి ఊరు గుంటలంతా చేరేవారు. ఇప్పుడు దానికి వేరే డబ్బు కట్టాలి. పదేళ్ల డబ్బు ముందే ఖాయమైపోతే ఈ వారం ఆట బాగుందా లేదా అన్న భయం ఎవరికుంటాది? పంట ఎలా ఉన్నా రేటు ఖాయమంటే కలుపు ఎవడు తీస్తాడు? కంపెనీకి పంట పండింది గానీ ఆటకి తెగులు పట్టింది.

ఇక ఆ పంటలో ఆడేవాడి వాటా సంగతి. అన్నాళ్లు ఒళ్లు విరుచుకునే మల్లులు అక్కడ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. ఉద్యోగికి దొరికే ఆరోగ్య బీమా, పింఛను వాళ్లకి రావు. ఈ మాట చదివితే మన కౌలు రైతు గుర్తురాడూ? దున్నేది వాడు, ముంపుకి నష్టపోయేది వాడు, పాస్‌బుక్కు మాత్రం ఇంకోడిది. 2001లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కూడా డబ్ల్యూడబ్ల్యూఈయే కొనేసింది. ఊరికి ఒక్కడే షావుకారైతే ధర ఎవడు చెబుతాడో మనకి ఒకరు నేర్పక్కర్లేదు. 2019లో ఏఈడబ్ల్యూ వచ్చాకే ఆటగాళ్లకి రెండో బేరం దొరికింది.

ఇప్పుడు మన గుమ్మంలోకి వద్దాం. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఇవన్నీ వందేళ్ల కిందటే చేశారు. విజయనగరంలో కసరత్తు నేర్చి, నేర్పి, తర్వాత సొంత సర్కస్ పెట్టారు. ఇనుప గొలుసులు తెంచడం, కార్లని కట్టి ఆపడం, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం. కలియుగ భీముడని జనం నెత్తిన పెట్టుకున్నారు. బలమూ ఆయనదే, ప్రదర్శనా ఆయనదే, వ్యాపారమూ ఆయనదే. అయితే ఆ కంపెనీ అంతా ఒక్క దేహం మీద నిలబడింది. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి, కాలే తీసేయాల్సి వచ్చిందంటారు. 1942లో కన్నుమూశారు. ఈరోజు శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది. ఆయన సర్కస్ మాత్రం లేదు. ఒక్కడి మీద నడిచే ఆట ఆ ఒక్కడితోనే పోతాది. అమెరికా కంపెనీకైనా, మన ఊరికైనా ఇదే పాఠం.

మన ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి. పండక్కి కర్రసాము, సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు జరిగేవి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయ్యింది. ఈ మట్టిలో బలం లేక కాదు, నీరు పెట్టేవాడు లేక ఎండిపోతోంది. మా ఊరి తాలింఖానా గదిలో ఇప్పుడు పాత కుర్చీలు, షామియానా కర్రలు ఉన్నాయి. సంగిడి రాయి చెరువు గట్టు మీద బట్టలు ఉతకడానికి పనికొస్తోంది. నాకు సిగ్గేసింది గానీ, నేనూ ఇన్నాళ్లు చూసీ చూడనట్టే పోయాను.

అంచేత నా మాట ఒక్కటే. ఈ సంక్రాంతికి చందాలు పోగేసినప్పుడు సౌండు బాక్సులకి పెట్టేదాంట్లో సగం తీసి సంగిడి పోటీకి, కుస్తీకి పెడదాం. మట్టి మెత్తగా తవ్వించి, నేర్పేవాడికి నెలకింత అని ఊరే ఇద్దాం. దెబ్బ తగిలితే ఖర్చు ఊరిదే అని ముందే చెప్పుకుందాం. అది చెప్పకుండా కుర్రాళ్లని బరిలోకి దింపితే ఆ కంపెనీకి మనకి తేడా ఏటుంది?

గుంటలకి కూడా ఓ మాట చెప్పండి. టీవీలో చూసిన ఎగురుళ్లు గడ్డికుప్ప మీంచి, మేడ మీంచి చేయొద్దని. వాళ్లు ఏళ్ల తరబడి పడటం నేర్చుకున్నాకే పడతారు.

మా మేనల్లుడు నిన్న పొద్దున్న ఆ సంగిడి రాయి కదపడానికి వెళ్లాడు. కదల్లేదు. ఇవాళ మళ్లీ వెళ్లాడు.