ఫోరస్ రోడ్డు గోడలు ఎవ్వరివి?

ముంబయి నగరమున ఫోరస్ రోడ్డు ప్రక్కనున్న కామాటిపుర వీధులు నేలమట్టమై క్రొత్తరూపు దాల్చు దినములు సమీపించుచున్నవి. 2023 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వము ఈ పేటనంతయు ఒక్క పథకముక్రింద పునర్నిర్మింప నిశ్చయించి, ఆ భారమును రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయగు మ్హాడాకు ఒప్పగించినది. 2025లో మ్హాడా నిర్మాతలను టెండర్లకు పిలిచినది. సుమారు 34 ఎకరముల నేలయు, 900లకు మించిన సెస్సు భవనములును, సుమారు 8,000 మంది అద్దెదారులును ఈ పథకమున జేరియున్నారు. ఒక్కొక్క కుటుంబమునకు 500 చదరపు అడుగుల యిల్లు లభించునని చెప్పబడినది. వానకాలము వచ్చినప్పుడెల్ల ప్రాణములు అరచేత బెట్టుకొని పాత చాళ్లలో కాలము గడపువారికి ఇది శుభవార్తయే. దీనిని మేము మనఃపూర్వకముగా అభినందించుచున్నాము.

అయితే ఇండ్ల లెక్క తేలినను, దుకాణముల లెక్క తేలినను, మరియొక లెక్క తేలలేదు. క్రొత్త పేట కూడళ్లలో ఏమి నిలుచును? గోడలపై ఎవ్వరి రూపము వ్రాయబడును? దానిని నిర్ణయించువారెవ్వరు? ఎవ్వరి ధనముతో, ఎవ్వరి ననుమతి యడిగి నిర్ణయింతురు? పౌరస్థలములందు నిలుపబడు విగ్రహములను, శిల్పములను, గోడబొమ్మలను మేమిక్కడ నగరకళ యనుచున్నాము. ఆకలిముందు అలంకారమేల యని కొందరు నవ్వవచ్చును. ఇది అలంకారముమాట కాదు. ఒక నగరము తన్ను కట్టినవారిని జ్ఞాపకముంచుకొనునా, మరచునా యను మాట.

ఈ ప్రశ్న ఆంధ్రులకు మిక్కిలి దగ్గరిది. కామాటి యనగా కట్టుబడిపని, కూలిపని చేయువాడని మన పాఠకులెరుగుదురు. 1784లో హార్న్‌బీ కట్ట పూర్తియై సముద్రపు పోటు నిలిచిన పిదప, పల్లపు నేలలు పూడ్చుటకు, బాటలు వేయుటకు, మేడలు కట్టుటకు నిజాము రాజ్యమునందలి తెలుగు సీమలనుండి వచ్చిన కష్టజీవులు ఇక్కడ కుదురుకొనిరి. వారి పేరనే కామాటిపురము వెలసినది. పిమ్మట పద్మశాలీలు బట్టల మిల్లులలో పనికై వచ్చిరి. కూలివారినుండియే గుత్తదారులును పైకి వచ్చిరి. వారిలో జాయా కరాడి లింగు, వెంకు బాళాజీ కాళేవార్ మున్నగువారు జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1908లో జన్మించినదియు ముంబయిలోనే. ఇంతటి చరిత్రగల జాతికి ఈ పేటలో పేరు తప్ప వేరు గురుతు లేకుండుట శోచనీయము.

ఫోరస్ అను మాటకును ఒక చరిత్ర గలదు. అది పోర్చుగీసువారి కాలమునుండి వచ్చిన శిస్తుపేరు. ఈ ఫోరస్ భూములపై హక్కులను స్థిరపరచుటకు 1851లో ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. అధికారులు ఈ బాటకు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గమని పేరు మార్చినను జనుల నోట ఫోరస్ రోడ్డే నిలిచినది. నూటడెబ్బది యేండ్లక్రితము నేలహక్కు చట్టముచే తేలినది కాని, ఆ నేలపైని గోడమీద ఎవ్వరి కథ వ్రాయవలెనను హక్కు నేటికిని తేలలేదు.

ముంబయి నగరకళ ఇంతవరకు నడచిన తీరు జూతము. కామాటిపురమునుండి నడచిపోదగిన దూరమున, బైకల్లాలో ఖడా పార్సీ యను స్తంభవిగ్రహమున్నది. అది శేఠ్ కర్సెట్జీ మానెక్జీగారి రూపము. వారి కుమారుడు దానిని చేయించెను. ధనికుని పితృభక్తి నగరమునకు అలంకారమైనది. దక్షిణమున కాలా ఘోడా యని పేరుపొందిన అశ్వారూఢ విగ్రహము, వేల్సు యువరాజుగానున్న ఏడవ ఎడ్వర్డుది, ఆల్బర్ట్ ససూన్‌గారి కానుక, 1879 నాటిది. దాత యిచ్చెను, నగరము పుచ్చుకొనెను. నగరవాసుల నడిగినవారు లేరు.

స్వాతంత్ర్యానంతరము 1965లో ఆ విగ్రహమును పీఠమునుండి దించి బైకల్లా ఉద్యానమునకు తరలించిరి. నిలుపునాడు అడుగని జనులను దించునాడును అడుగలేదు. అయినను జనులు ఆ చోటిని నల్లగుఱ్ఱముపేరనే పిలుచుచు వచ్చిరి. 2017లో అక్కడ రౌతులేని క్రొత్త గుఱ్ఱము నిలిచినది. రాజు పోయి గుఱ్ఱము మిగిలినది. జనులు తమదని తలచినదే నిలుచునని ఇంతకంటె చక్కగా బోధించు దృష్టాంతము లేదు.

నేడు దాతల స్థానమున అధికారులు వచ్చిరి. 2022 డిసెంబరులో ముంబయి మునిసిపాలిటీ సుమారు 1,700 కోట్ల రూపాయల అంచనాతో నగర సుందరీకరణ పథకమును ఆరంభించినది. దీపములు, రంగులు, వంతెనలక్రింది బొమ్మలు అందు జేరినవి. ఆ సంవత్సరము మార్చిలోనే ఎన్నికైన కార్పొరేషను గడువు తీరి, పాలనమంతయు పాలనాధికారి చేతిలోనికి వచ్చియుండెను. ఇంత ధనముతో నగరముఖమునకు రంగు వేయునప్పుడు ప్రశ్నించుటకు ప్రతినిధుల సభయే లేకపోయెను. ఆ పనులన్నియు చెడ్డవని మేమనుట లేదు. కొన్ని కంటికి ఇంపుగానే యుండవచ్చును. కాని టెండరులో తక్కువధర పలికిన గుత్తదారుడు కళాకారుడు కానేరడు. రంగుడబ్బాల లెక్క కళావిమర్శ కానేరదు.

పర్యవేక్షణము లేనిచో కలుగు ఫలము మహారాష్ట్రమే చూచినది. 2023 డిసెంబరు 4న మాల్వణ్‌లోని రాజకోట్ కోటయందు ఆవిష్కరింపబడిన 35 అడుగుల ఛత్రపతి శివాజీ విగ్రహము 2024 ఆగస్టు 26న కూలిపోయినది. తొమ్మిది నెలలైనను నిండలేదు. ఆరడుగుల నమూనాకు మాత్రమే తాము ఆమోదము తెలిపితిమని రాష్ట్ర కళాశాఖ అధిపతి పత్రికలకు చెప్పవలసి వచ్చినది. నమూనా చూచినవారొకరు, కట్టించినవారొకరు, ఆవిష్కరించినవారొకరు. కూలిన పిదప బాధ్యత వహించువారెవ్వరో తేల్చుటకు పోలీసులు రావలసివచ్చినది.

పరులనన నేల? మన హైదరాబాదునే జూతము. హుస్సేన్‌సాగరమున నిలుపదలచిన ఏకశిలా బుద్ధవిగ్రహము 1990 మార్చి 10న నీటిపాలైనప్పుడు పలువురు ప్రాణములు గోల్పోయిరి. విగ్రహము 1992లోగాని పీఠమెక్కలేదు. టాంక్‌బండ్‌పై 1986లో ఒక ముఖ్యమంత్రి సంకల్పముచే మహనీయుల విగ్రహములు వరుసగా వెలసినవి. ఎవ్వరుండవలెను, ఎవ్వరు విడువబడిరి యను చర్చ ప్రజలలో జరుగలేదు. 2011 మార్చి 10న ఆందోళనవేళ వానిలో పెక్కింటిని పగులగొట్టిరి. ఆ విధ్వంసమును మేము సమర్థింపము. కాని సభలో జరుగవలసిన చర్చ సభలో జరుగనిచో, అది యొకనాడు సమ్మెటతో జరుగును.

ఇక చట్టము మాట. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రహదారులలో, కాలిబాటలలో, ఇతర పౌరోపయోగస్థలములలో విగ్రహములకు అనుమతి నీయరాదని రాష్ట్రములను శాసించినది. అది అడ్డుకట్టయే కాని దారిచూపు దీపము కాదు. ఏది కూడదో చెప్పినది. ఏది ఎట్లు చేయవలెనో చెప్పుట శాసనసభల పని. ఢిల్లీకి 1973 నాటి చట్టముచే నగరకళా సంఘమేర్పడినది. ముంబయికి 1995 నాటి నిబంధనలక్రింద పురాతన కట్టడములను కాపాడు సంఘము గలదు కాని, ఢిల్లీకి గలట్టి చట్టబద్ధమైన నగరకళా సంఘము లేదు. ఉన్న పాతదానిని కాచుటకు కావలివాడున్నాడు. రాబోవు క్రొత్తదానిని విచారించు పెద్ద లేడు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎన్నడో గుర్తించిరి. న్యూయార్కు నగరము 1898లోనే కళాసంఘము నేర్పరచి, దాని సమ్మతి లేనిదే నగరస్థలమున శిల్పమును స్వీకరింపరాదని విధించినది. ఫిలడెల్ఫియా 1959లో పునర్నిర్మాణ భూములలో కట్టువారు కట్టుబడి ఖర్చులో నూటికొకటి కళకై వెచ్చింపవలెనని నియమించినది. పాత పేటను పడగొట్టి క్రొత్తది కట్టుచోటనే ఈ నియమము పుట్టినదని గమనింపవలెను. కామాటిపుర విషయమును సరిగా అదియే. అయితే సంఘమున్నంతమాత్రాన సరిపోదు. న్యూయార్కులోనే ఒక ప్రభుత్వకార్యాలయ ప్రాంగణమున 1981లో నిలిపిన రిచర్డ్ సెర్రా ఉక్కుశిల్పమును, అక్కడ పనిచేయువారు తమ దారికి అడ్డమని మొరపెట్టగా, 1989లో తొలగించిరి. నిపుణులు మెచ్చినదానిని నిత్యము చూచువారు భరింపలేకపోయిరి.

కళాకారునికిని రక్షణ కావలెను. ఢిల్లీ విజ్ఞానభవనమునందు అమర్‌నాథ్ సెహగల్‌గారు చేసిన కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసి మూలబడవేసిరి. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిథిలములను శిల్పికి మరల నిచ్చి 5 లక్షల రూపాయల పరిహారము చెల్లింపుమని కేంద్రప్రభుత్వమునకు తీర్పు చెప్పినది. నిలిపినవారికి ఇష్టములేనంతనే చెరిపివేయుటకు నగరకళ సున్నపుపూత కాదని ఆ తీర్పు సారాంశము.

ఇక మనవారికి ఒక మాట. గుర్తింపు కావలెనన్నంతనే మన సంఘములవారికి తట్టునది విగ్రహము. చందా, శంకుస్థాపనము, ఆవిష్కరణసభ, పూలదండ, మరునాటినుండి కాకులు. అట్టిది మేము కోరము. ఏ కులమువారి పెద్దను నిలుపవలెనను తగవు మొదలైనచో, రాళ్లు మోసిన వేలాదిమందిలో ఒక్కరును పీఠమెక్కరు. వీరు చేసిన పనియే వీరి స్మారకము కావలెను. తట్ట, తాపీ, మగ్గము, చాలు వరండా. ఏ సీమనుండి ఏ పనికి వచ్చిరో తెలుపు తెలుగు, మరాఠీ అక్షరములు. ఇట్టివానిని రాతిలో, ఇటుకలో, నేలచప్టాలో నిలుపుట చేతగాని పని కాదు.

మరియొక కఠినమైన విషయమును దాటిపోరాదు. లోకమునకు కామాటిపురమనగా వేశ్యావాటిక. 2022లో గంగూబాయి కాఠియావాడి చలనచిత్రము విడుదలకు ముందు, తమ పేటపేరు చెడుచున్నదని కొందరు నివాసులు బొంబాయి హైకోర్టును ఆశ్రయించిరి. వారి ప్రార్థన ఫలింపలేదు. వారి బాధ మాకు దెలియును. మేస్త్రీల, మిల్లుపనివారల బిడ్డలు చిరునామా చెప్పుటకు సంకోచింపవలసి వచ్చుట అన్యాయము. కాని ఆ స్త్రీలును ఈ వీధులలోనే బ్రదికిరి; పెక్కుమంది మోసమునకు, దారిద్ర్యమునకు బలియై వచ్చినవారు. మన గౌరవమునకై వారి ఉనికిని తుడిచివేయుట ధర్మము కాదు. వారి దుఃఖమును గోడపై రంగులబొమ్మ గావించి చూచువారికి వేడుక చేయుటయు ధర్మము కాదు. ఏమి వ్రాయవలెనో, ఏమి వ్రాయరాదో చెప్పు సభలో వారికిని పీఠ వేయవలెను.

కావున మేము కోరునది విగ్రహము కాదు, నిబంధనము. మొదటిది, ఈ పునర్నిర్మాణ వ్యయములో నూటికొక్కవంతు నగరకళకై వేరుగా నుంచి, దానిని నిర్మాతతోడి ఒడంబడికలోనే వ్రాయవలెను. రెండవది, శిల్పులు, వాస్తువిశారదులు, చరిత్రజ్ఞులు, మునిసిపల్ ప్రతినిధులు, సగమునకు తక్కువగాక పేటవాసులు గల సంఘమొకటి పనిని ఎంచవలెను. ధనమిచ్చినవానికి ఎంపికలో ఓటుండరాదు. మూడవది, కూల్చకముందే పేటలోని చెక్కడములు, గుడులు, శిలాఫలకములు, పాత బోర్డులు పట్టికకెక్కవలెను. కూల్చిన పిదప పట్టిక వ్రాయుట శవపరీక్ష. నాలుగవది, నమూనాలను పేటలోనే ప్రదర్శించి ఆక్షేపణలకు గడువీయవలెను. అయిదవది, ముంబయి వానలకు రంగు నిలువదు గనుక, నిర్వహణమునకు మూలధనమును, తొలగించు పద్ధతిని ముందే నిర్ణయింపవలెను.

నూటికొక్కవంతు ఇండ్లకే ఖర్చుపెట్టరాదా యని యడుగువారికి మా సమాధానమిది: అద్దెదారుని గదిలో ఒక్క అడుగు తగ్గించుమని మేమనుట లేదు. నిర్మాత అమ్ముకొను అంతస్తుల లాభమునుండి ఈ వంతు రావలెననుచున్నాము. పేట పేరుమీద లాభము గడించువాడు పేట జ్ఞాపకమునకు ఈపాటి ఋణము తీర్చుట భారము కాదు.

రాజధానియందు న్యాయవాదులుగను, వైద్యులుగను, ఇంజనీర్లుగను పేరుగాంచిన మనవారు ఈ విషయమున చేయదగిన పని గలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద ఒడంబడిక షరతులను తెప్పించి చదువుడు. అందులో నగరకళను గూర్చి యేమున్నదో, ఏమి లేదో పేటవాసులకు తెలుగులో చెప్పుడు. అర్జీ వ్రాయుట తెలియనివారికి వ్రాసిపెట్టుడు. మన తాతలు ఆ నగరమునకు రాళ్లెత్తిరి. మనము రెండు కాగితములెత్తలేమా? కట్టడము లేచిన తరువాత వచ్చు విన్నపమునకు గోడలో చోటుండదు. పునాది తీయకముందే అధికారులు ఈ నిబంధనములను ఆమోదింతురని ఆశించుచున్నాము.