అడుగుల లెక్క సరే, ఎర్తు లెక్క ఏది?

మన జిల్లాలో రైతు బోరు వేయించాలనుకొంటే ఎన్ని లెక్కలు వేస్తాడో అందరికీ తెలుసు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగే మనిషిని పిలుస్తాడు. అడుగుకు ఎంత, కేసింగుకు ఎంత అని బోరు బండివారితో బేరమాడతాడు. ఎన్ని అడుగులకు బండ తగులుతుందో, ఎన్ని అంగుళాల నీళ్లు పడతాయో అని రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుంటాడు. నీళ్లు పడిన మరునాడే ఆ లెక్కలన్నీ ఆగిపోతాయి. మోటారు దిగుతుంది. పక్క చేనికి వచ్చిన తీగకు ఇంకో తీగ కలుస్తుంది. కానుగ చెట్టుకో, రాతి కూసానికో ఇనుప పెట్టె ఒకటి వేలాడుతుంది. కరెంటు వచ్చేస్తుంది. ఆ కరెంటు ఎంత, ఏ దారిన వస్తోంది, ఎక్కడైనా తప్పు జరిగితే ఏ దారిన పోతుంది అని అడిగేవారు లేరు.

ఈ చివరి ప్రశ్న అడగనందువల్లనే పల్లెల్లో మనుషులు పోతున్నారు. మడవ తిప్పడానికి తెల్లవారుజామున వెళ్లిన మనిషి తడి కాళ్లతో స్టార్టరు పెట్టెను ముట్టుకొని అక్కడే ఒరిగిపోవడం ఈ పేజీలోనే ఎన్నిసార్లు చదవలేదు? 'పాపం, ఆయుష్షు అంతే' అని సరిపెట్టుకొంటున్నాము. ఇందులో ఆయుష్షు మాటేమీ లేదు. ఇది వేయవలసిన లెక్క వేయకపోవడం.

ట్రాన్స్‌ఫార్మర్ మోసేది ఎంత?

ముందు అందరికీ కనబడే లెక్క చూద్దాము. ఐదు హార్స్‌పవర్ మోటారు నిండు బరువు మీద తిరిగేటప్పుడు ఫేజుకు సుమారు 8 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు ఇవ్వగలిగింది సుమారు 33 ఆంపియర్లు. అంటే అటువంటి మోటార్లు నాలుగు. ఐదోది కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ శక్తికి మించిన బరువు మోస్తున్నట్లే. ఇక పుస్తకంలో 5 హార్స్‌పవర్ అని రాయించి, బోరులోకి ఏడున్నరో పదో దించితే నాలుగు మోటార్లకే అది ఉడికిపోతుంది. తీగలో కరెంటు రెండింతలయితే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. ట్రాన్స్‌ఫార్మర్లు ఎండాకాలంలోనే ఎందుకు కాలుతున్నాయో దీనిని బట్టి తెలుస్తుంది.

ఈ దొంగ లెక్క ఒక్క రైతు తప్పు అనడం న్యాయం కాదు. 1980లలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున కట్టే పద్ధతి వచ్చింది. మోటారు చిన్నదని రాయిస్తే బిల్లు తగ్గేది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత చాలామందికి బిల్లు భయం పోయింది కానీ పాత అలవాటు పోలేదు. పైగా నీళ్లు లోతుకు పోయిన కొద్దీ పెద్ద మోటారు కావలసి వచ్చింది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో బోరు అడుగుకు పోతూనే ఉంటుంది. చీనీ చెట్టు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకొనే రైతు ఎవడు? ఊరుకోమని ఎవరూ అనడం లేదు. ఉన్న మోటారును ఉన్నట్టు రాయించి, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ అడగమని మాత్రమే అంటున్నాము. దాచిన హార్స్‌పవర్ కరెంటు ఆఫీసుకు కనబడకపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం కనబడుతుంది.

లోతుకు దిగిన తీగ

రెండో లెక్క తీగది. వెయ్యి అడుగుల బోరులోకి సుమారు 300 మీటర్ల కేబులు దిగుతుంది. ఐదు హార్స్‌పవర్ మోటారుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే దారిలో పోయే వోల్టేజి సుమారు 16 వోల్టులు. డబ్బు మిగులుతుందని రెండున్నర చదరపు మిల్లీమీటర్లది వేస్తే అది 26 వోల్టులకు చేరుతుంది. లైను చివర ఉన్న చేనికి అసలే తక్కువ వోల్టేజి. 415 వోల్టులు రావలసిన మోటారుకు 350 వోల్టులే చేరితే అది లేచి తిరగడానికి ఉండే బలం నూటికి 71 పాళ్లకు పడిపోతుంది. అయినా నీళ్ల బరువు తగ్గదు కనుక మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, చివరకు కాలుతుంది. కేబులులో మిగిల్చిన డబ్బు చుట్టలు కట్టేవాడికి పోతుంది. స్టార్టరు దగ్గర సరైన కెపాసిటరు ఉంటే తీగలో వృథాగా తిరిగే కరెంటు కొంత తగ్గుతుంది. కెపాసిటరు ఇచ్చిన రైతులు కొందరు దాన్ని ఊడదీసి పక్కన పెట్టారు. అది మోటారుకు వాతలు పెట్టుకొన్నట్టే.

ఈ రెండు లెక్కలు తప్పితే పోయేది డబ్బు, పంట. మూడో లెక్క తప్పితే పోయేది మనిషి.

ఎండిన నేల, ఎండిన ఎర్తు

మూడోది ఎర్తు. పెట్టె పక్కన ఒక ఇనుప కడ్డీ పాతి, దానికి తీగ చుట్టి 'ఎర్తు ఇచ్చినాము' అంటారు. వానలు బాగా పడే తడి నేలల్లో అది కొంతవరకు పనిచేయవచ్చు. మనది ఎర్రనేల, కింద బండ. చైత్ర వైశాఖాల్లో మట్టి పిండిలాగా ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును సులువుగా పోనివ్వదు. పంట ఎండినట్టే ఎర్తు కూడా ఎండుతుంది. ఈ మాట మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో తెలిసి ఉండవలసింది.

దాని లెక్క ఇలా ఉంటుంది. ఎండిన నేలలో ఒక్క కడ్డీ ఎర్తుకు 100 ఓముల నిరోధం ఉండడం వింత కాదు. ఎలుక కొరికిన తీగో, వాన తడిసిన తీగో పెట్టెకు తగిలిందనుకొందాము. ఫేజుకు 240 వోల్టులు. 240ని 100తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. ఇంటి ఫ్యాన్ల మీద తిరిగేంత కరెంటు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు దీనికి కాలదు, కదలదు. మోటారు మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. పెట్టె మాత్రం కరెంటుతో అలాగే వేచి ఉంటుంది. తడి చేతులు, తడి కాళ్లు ఉన్న మనిషి దాన్ని ముట్టుకొంటే, అతని ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకొన్నా, అతని గుండా 0.24 ఆంపియరు పోతుంది. ప్రాణరక్షణ కోసం పెట్టే బ్రేకరు 0.03 ఆంపియరుకే తెగిపోయేలా చేస్తారంటే, ఇది దానికి ఎనిమిది రెట్లు. ఎర్తు తీగ ఉందని ధైర్యపడిన మనిషే చనిపోతాడు.

వేరే దేశంలో ఒక తొట్టి

అమెరికాలో ఇంటి వెనుక ఆరుబయట వేడినీళ్ల తొట్టి పెట్టుకొని, చలికాలంలో అందులో కూర్చొనే వేడుక ఒకటి ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసే మన పిల్లలలో కూడా కొందరి ఇళ్లలో ఈ తొట్లు ఉన్నాయి. అక్కడి విద్యుత్ నియమావళి ప్రకారం ఆ తొట్టికి కరెంటు ఇవ్వాలంటే, కరెంటు కొద్దిగా దారి తప్పినా క్షణంలో తెంచివేసే బ్రేకరు పెట్టాలి. తొట్టి దగ్గర నిలబడితే కనబడేలా, నీటికి కనీసం 5 అడుగుల దూరంలో, కరెంటు ఆపే మీట ఒకటి ఉండాలి. అది విలాసం. కూర్చొని సేదతీరడానికి కట్టుకొన్న తొట్టి. అక్కడ అంత జాగ్రత్త.

మన చేను గట్టున ఉన్న తొట్టి అలా కాదు. పైపు నుంచి నీళ్లు దూకే ఆ తొట్టి దగ్గర ఎద్దులు తాగుతాయి, పిల్లలు దూకుతారు, ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు, రైతు మోకాళ్ల దాకా తడుస్తాడు. దానికి మూరెడు దూరంలోనే స్టార్టరు పెట్టె. అక్కడ తెంచే బ్రేకరూ లేదు, చేతికి అందే మీటా లేదు. సుఖానికి కట్టుకొన్న తొట్టికి ఉన్న విలువ బతుకుకు కట్టుకొన్న తొట్టికి లేదా?

చేయవలసిన పని

చేయవలసింది పెద్ద పని కాదు. రైతు చేయగలిగింది ఉంది. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డ్ ఇనుప పైపును నిలువునా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పోసి, వారానికి ఒకసారి రెండు బిందెల నీళ్లు పోయాలి. వేసవిలో ఇంకా ఎక్కువ పోయాలి. ఒక్కటి చాలకపోతే దూరంగా ఇంకొకటి పాతి రెంటినీ కలపాలి. ఎర్తు ఎంత బాగున్నా, లీకేజీ కరెంటును తెంచే బ్రేకరు పెట్టించాలి. కేబులు పొడవును బట్టి ఏ కొలతది నిలుస్తుందో తెలిసిన ఎలక్ట్రీషియనును అడగాలి. అది మాటిమాటికీ తెగితే దానిని అడ్డం పెట్టి దాటవేయకూడదు. ఎక్కడో తీగ పాడయిందని అది చెబుతోంది. పెట్టెను తొట్టికి దూరంగా, నేలకు ఎత్తుగా, వాన తగలని చోట పెట్టాలి. ఒక ఫేజును తీసి ఎర్తుతో లైటు వెలిగించుకొనే అలవాటు మానుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందని స్వయంగా ఎక్కకూడదు. ఏబీ స్విచ్చి దించినంత మాత్రాన మూడు ఫేజులూ తెగినట్టు కాదు. లైన్‌మన్‌ను పిలవాలి, పలకకపోతే 1912కు ఫోను చేయాలి.

ఇక కరెంటు శాఖ చేయవలసింది ఉంది. విద్యుత్ బోర్డు రోజులు పోయి, 2014 తరువాత మన జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కిందకు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరయింది. జిల్లాలు రెండయినా ఎండ ఒక్కటే, ఎర్తు ఒక్కటే. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని నియంత్రణ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. కాలిన తరువాత మార్చడానికి గడువు ఉన్నట్టే, కాలక ముందు చూడడానికీ ఒక గడువు పెట్టాలి. ఏటా ఫాల్గుణంలో, ఎండలు ముదరక ముందే, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తునూ, దాని కింద ఉన్న స్టార్టరు పెట్టెల ఎర్తునూ మీటరు పెట్టి కొలిచి, ఆ అంకెను గ్రామ సచివాలయంలో అతికించాలి. ఎవరి ఎర్తు ఎంత ఉందో ఊరికి తెలిస్తే సిగ్గుతోనైనా బాగుపడుతుంది.

ఉచితంగా ఇచ్చే కరెంటుకు ఇన్ని అడుగుతారా అని అనవచ్చు. కరెంటు ఉచితమే కావచ్చు, మనిషి ఉచితం కాదు. రైతు చనిపోయిన తరువాత ఇచ్చే పరిహారంలో కొద్ది భాగంతో ముందే ఎర్తు గుంతా, బ్రేకరూ వస్తాయి.

వచ్చే వేసవి వరకు ఆగకుండా ఈ వారమే ప్రతి రైతూ ఒక పని చేయాలి. మోటారు ఆపి, పైనున్న ఫ్యూజులు తీయించి, పెట్టె దగ్గర ఎర్తు తీగ ఎక్కడికి పోతోందో వేలితో వెంబడించి చూడాలి. అది ఎండిన మట్టిలో ముగిస్తే ఆ రోజే ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి, ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టాలి. వెయ్యి అడుగుల లోతు నుంచి నీళ్లు తోడగలిగిన మనకు, ఎనిమిది అడుగుల గుంత తవ్వడం భారం కాదు.