థీమ్ కొనే ముందు షరతులు రాయాలి

సంఘానికి వెబ్‌సైట్ పెట్టుకుందామని కమిటీ కూర్చుంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. డిజైనర్ నాలుగు థీమ్‌లు చూపిస్తాడు. ఒకదాంట్లో సిలువ వెనుక సూర్యోదయం కదులుతూ ఉంటుంది. ఇంకోదాంట్లో పేజీ తెరవగానే పాట మోగుతుంది. మరోదాంట్లో అక్షరాలు బంగారు రంగులో మెరుస్తాయి. పెద్దలు "ఇది బాగుంది" అంటారు, ట్రెజరర్ ధర అడుగుతాడు, ప్రార్థన చేసుకుని లేస్తారు. ఈ సైట్‌ను ఎవరెవరు వాడగలరు అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాదు. బెంగళూరైనా, హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా ఇదే తంతు.

థీమ్ ఎంపికను అభిరుచికి వదిలేయకూడదు అన్నది నా వాదన. డబ్బు కట్టకముందే, నమూనాలు చూడకముందే, ఆ థీమ్ ఏమేం చేయాలో, ఏమేం చేయకూడదో సంఘం కాగితం మీద రాసుకోవాలి. ఆ షరతులు తీర్చని థీమ్ ఎంత ముచ్చటగా ఉన్నా వద్దనాలి. ఇది సాంకేతిక విషయం, మనకెందుకు అని సామాజిక న్యాయం మాట్లాడే మనం తప్పించుకోవడానికి లేదు.

థీమ్ అన్న మాట కొత్తగా వినే పెద్దల కోసం: ఇల్లు కట్టేముందు గీసే ప్లాను లాంటిది అది. అక్షరం ఎంత పెద్దది, ఏ రంగులో ఉండాలి, మెనూ ఎక్కడ, బటన్ ఎలా పనిచేయాలి అన్నవన్నీ అందులో ముందే నిర్ణయమైపోతాయి. ఆదివారం ప్రసంగం వారం వారం మారుతుంది. థీమ్ మాత్రం ఏళ్లపాటు ఉంటుంది. ఒక వ్యాసంలో తప్పు దొర్లితే ఆ వ్యాసమే పాడవుతుంది. థీమ్‌లో తప్పుంటే పెట్టిన ప్రతి పేజీలోనూ, ఇక ముందు పెట్టబోయే ప్రతి పేజీలోనూ ఆ తప్పు ఉంటుంది.

చూపులేని అక్కయ్య ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని మన సైట్ తెరిచిందనుకోండి. తెరమీద ఉన్నదాన్ని ఆ సాధనం పైకి చదివి వినిపిస్తుంది. కంప్యూటర్ మీదైతే ఎన్‌వీడీఏ ఉంది, అదీ ఉచితమే. సాధనాల కొరత లేదు. కానీ మన థీమ్‌లో బటన్లన్నీ పేరులేని బొమ్మలు. అందుకే ఆమెకు వినిపించేది "బటన్, బటన్, బటన్". ఏ పేజీకి వెళ్లినా ముప్పై లింకుల మెనూ మొదటినుంచీ వినాల్సిందే, నేరుగా విషయానికి దూకే లింకు పెట్టలేదు గనుక. చేతులు వణికే తాతయ్య మౌస్ పట్టుకోలేక ట్యాబ్ కీ నొక్కుకుంటూ వస్తాడు. తాను ఏ లింకు మీద ఉన్నాడో చూపించే చిన్న గీతను థీమ్ చేసినవాడు అందం చెడుతుందని తీసేశాడు. పైన స్లైడర్ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఆపే బటన్ ఉండదు.

లేవీయకాండము 19వ అధ్యాయంలో చూపులేనివాళ్ల దారిలో అడ్డు పెట్టవద్దన్న ఆజ్ఞ ఉంది. దాన్ని మనం దయ గురించిన మాటగా బోధించడం అలవాటు చేసుకున్నాం. మళ్లీ చదవండి. అక్కడ చూపులేనివాడి స్థితి మీద వ్యాఖ్య ఏమీ లేదు. అడ్డు పెట్టే చేతి గురించే ఉంది. అడ్డు తనంతట తాను రాదు, ఎవరో తెచ్చి పెడతారు. మన సైట్ విషయంలో తెచ్చి పెట్టింది మన కమిటీ, చందా డబ్బుతో.

అడ్డేదో, దారేదో తేల్చే కొలతలు లేవని ఎవరూ అనలేరు. డబ్ల్యూసీఏజీ అని పిలిచే ప్రపంచ ప్రమాణాల రెండో రూపం 2008లో వచ్చింది, 2018లోనూ 2023లోనూ దానికి చేర్పులు జరిగాయి. మామూలు సైజు అక్షరానికీ దాని వెనుక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అందులో ఉంది. ఐదు సెకన్లకు మించి తనంతట తాను కదిలేదాన్ని ఆపే వీలుండాలని ఉంది. అడగకుండా మోగే శబ్దం మూడు సెకన్లు దాటితే దాన్ని ఆపేందుకో తగ్గించేందుకో మార్గం ఉండాలని ఉంది. ఇప్పుడు మనకు "హుందాగా" కనిపించే లేత బూడిద అక్షరాన్ని కొలవండి. రంగు కోడ్‌లో ఆరు తొమ్మిదులుండే ఆ బూడిద తెల్ల కాగితం మీద 2.85 దగ్గరే ఆగిపోతుంది. మన పెద్దలకు ప్రాణమైన బంగారు రంగు తెలుపు మీద 1.4. అంటే శుక్లాలు వచ్చిన కళ్లకు అక్కడ అక్షరమే లేదు.

చట్టమూ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 46వ సెక్షన్ సేవలందించే ప్రభుత్వ సంస్థలతోపాటు ప్రైవేటు సంస్థలనూ కలిపే మాట్లాడుతుంది. ఆ చట్టం కింద చేసిన నియమాల్లో 15వది ప్రమాణాలను పాటిస్తే పాటించే సలహాల స్థాయికి దించేసిందని 2024 నవంబరు 8న రజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ లోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసు, చూపులేని మరో పిటిషనర్ కేసు కలిపి విన్నారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పారు. లోకపు న్యాయస్థానం అంత దూరం వెళ్లాక సంఘం ఇంకా స్లైడర్ దగ్గరే ఉండడం నాకు మింగుడుపడదు. ఈ మధ్య మనం కూడా వేదికల మీద "దివ్యాంగులు" అంటున్నాం. పేరు మార్చడం తేలిక, మెనూ మార్చడం కష్టం.

"మన సంఘంలో చూపులేనివాళ్లు ఎంతమంది ఉన్నారు పాస్టర్ గారూ?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అందులో మన సంఘంవాళ్లు కనబడడం లేదంటే, వాళ్లు లేరనా, రాలేకపోతున్నారనా? మెట్లు మాత్రమే ఉన్న గుడిలో చక్రాల కుర్చీ కనబడదు. దాన్ని చూపించి ర్యాంపు అవసరం లేదనడం లాంటిదే ఇదీ. తలుపు మూసిపెట్టి, ఎవరూ రావడం లేదు గనుక తెరవనక్కర్లేదనడం ఎలా ఉంటుందో మన తాతలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

భాషా మైనారిటీలుగా మనం చేసే పోరాటం సంగతి కూడా ఇక్కడే అడుగుతాను. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయినప్పుడు, తెలుగు పిల్లలు తమ భాషలో పరీక్ష రాసుకునే వీలు పోతుందని మనవాళ్లు కోర్టులకెక్కారు. సరిగ్గానే చేశారు. ఎక్కువమందికి పనికొచ్చే ఏర్పాటు తక్కువమందిని తోసేయకూడదన్నదే కదా అప్పుడు మన వాదన? ఆ వాదనను ప్రభుత్వం ముందు పెట్టి, మన ఇంట్లో మనకన్నా తక్కువమంది ఉన్నవాళ్ల దగ్గర మరిచిపోతే ఎలా?

పైగా ఇది వాళ్లకు మాత్రమే పనికొచ్చేది కాదు. చెన్నైలో, బెంగళూరులో, పుణెలో పుట్టి పెరిగిన మన యువత చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. పేజీలో ఉన్నది నిజమైన తెలుగు అక్షరమైతే ఫోన్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. పోస్టరు బొమ్మలో ఇరికించిన అక్షరమైతే ఫోన్ మూగబోతుంది. అమ్మమ్మ పాడిన కీర్తన మాటలు మనవరాలు వినగలదా లేదా అన్నది థీమ్ దగ్గరా, టైపు చేసే పద్ధతి దగ్గరా తేలిపోతోంది. మన భాష పిల్లలకు అందడం లేదని వార్షికోత్సవాల్లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

తెలుగు లిపి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన షరతుల కాగితంలో మనమే రాసుకోవలసిన భాగం ఇది. అమ్మకానికి వచ్చే థీమ్‌లలో అత్యధికం ఇంగ్లిషు అక్షరాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం ఆ అక్షరానికి సరిపోయేంతే ఉంటుంది. మన లిపికి పైన గుడి, తలకట్టు, కింద వత్తులు. పంక్తులు ఇరుకైతే "క్రీస్తు" అన్న మాటలో కింది వత్తులు తర్వాతి పంక్తి గుడుల మీదికి ఎక్కుతాయి, శీర్షికల పెట్టెల్లో అయితే తెగిపోతాయి. క్రైస్తవ సైట్‌లో క్రీస్తు పేరే తెగిపోవడం చూస్తూ "డిజైన్ బాగుంది" అనుకుంటున్నాం! అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు పంక్తి ఎత్తు ఉండాలని, చదివేవాళ్లు దాన్ని పెంచుకున్నా ఏదీ తెగకూడదని రాయండి. ఇంగ్లిషులో శీర్షికను పెద్ద అక్షరాలతో వేరుచేస్తారు, మనకు పెద్దబడి చిన్నబడి లేవు, కాబట్టి ఆ తేడా తెలుగులో మాయమవుతుంది. వాలు అక్షరాలు మన లిపికి లేవు. బ్రౌజర్ బలవంతంగా వంచితే వత్తులు మరింత చిక్కుపడతాయి. థీమ్‌తో వచ్చే ఫాంటులో చాలాసార్లు తెలుగే ఉండదు. అప్పుడు ఫోన్ తన దగ్గరున్న ఫాంటు వేసుకుంటుంది, నమూనాలో చూసిన అందం సగం అక్కడే పోతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఏది వాడాలో పేరు పెట్టి రాయండి.

ఇంకొకటి, పైకి కనిపించనిది. ఈ పేజీ ఏ భాషలో ఉందో యంత్రానికి చెప్పే గుర్తు థీమ్‌లో ఉంటుంది. అందులో ఇంగ్లిషు అని ఉండిపోతే చదివే సాధనం ఇంగ్లిషు గొంతుతో తెలుగు మీద తడబడుతుంది, లేదా దాటేసి పోతుంది. మన సైట్లలో తెలుగు పక్కన కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా ఉంటాయి. ఏ ముక్క ఏ భాషో విడివిడిగా గుర్తు పెట్టే వీలుండాలి. అను ఫాంట్లలో టైపు చేసి పేజ్‌మేకర్‌లో కట్టిన పాత సంచికలను అలాగే ఎక్కించేవాళ్లకూ ఒక మాట. అవి కంటికి మాత్రమే తెలుగు, లోపల ఇంగ్లిషు గుర్తుల గజిబిజి. చదివే సాధనానికి వినిపించేది ఆ గజిబిజే. యూనికోడ్‌లోకి మార్చకుండా ఏ థీమ్ కొన్నా ప్రయోజనం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని ఫొటోలు తీసి పెట్టినా అంతే.

ఖర్చు మాట. థీమ్ కొనేముందు షరతు రాస్తే అయ్యే ఖర్చు ఒక కాగితం. కొన్నాక సరిచేయిస్తే రెండోసారి సైట్ కట్టినంత. వర్డ్‌ప్రెస్ వారి థీమ్‌ల జాబితాలో ఈ విషయంలో పరీక్షకు నిలిచినవాటికి విడిగా ఒక ముద్ర వేస్తారు. జాబితాను ఆ ముద్రతో వడపోసుకోవచ్చు, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. బయట అమ్మకపు సైట్లలో చాలాసార్లు అమ్మేవాడి మాటే ఆధారం. ఇక, "చివర్లో ఒక చిన్న విడ్జెట్ పెడితే అంతా సరిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ సైట్‌నైనా తన సాధనం ప్రమాణాలకు తగ్గట్టు చేసేస్తుందని చెప్పుకున్న ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. పది లక్షల డాలర్లు కట్టాలన్న ఆ ఒప్పందాన్ని 2025 జనవరిలో ప్రకటించింది. పునాది వంకరగా ఉంటే పైన రంగు వేసినా గోడ నిలబడదు.

పెద్ద పెద్ద కంపెనీల సైట్లే సరిగ్గా లేవు కదా అంటారా? నిజమే. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో నూటికి 94కు పైగా పేజీల్లో లోపాలు దొరికాయి, అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది లేత అక్షరాల లోపమే. లోకం తీరు అలా ఉంది గనుక మనమూ అలాగే ఉందామన్న వాదన కట్నం విషయంలో, కులం విషయంలో వినీ వినీ విసిగిపోయాం.

యువతకు ఒక పని చెబుతాను. ఈ వారం మీ సంఘం సైట్ తెరిచి మౌస్ పక్కన పెట్టండి. ట్యాబ్ కీతోనే ప్రసంగాల పేజీకి చేరగలరేమో చూడండి. అక్షరాన్ని రెండింతలు పెంచండి, ఏం తెగిపోయిందో రాసుకోండి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టి కళ్లు మూసుకుని ఆదివారం ఆరాధన వేళలు కనుక్కోండి. దొరికినవన్నీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెబితే "చూద్దాం తమ్ముడూ" అన్న జవాబుతో సరి.

కమిటీలు చేయవలసిందీ ఉంది. కళ్లు మూసుకున్న యువకుడి పరీక్ష, రోజూ అలాగే బతికే మనిషి పరీక్షకు సాటి రాదు. యెరికో దారిలో బర్తిమయిని నోరు మూసుకోమన్నది యేసు వెంట నడుస్తున్న జనమే. ఆయన మాత్రం ఆగి, నీకేం కావాలని అతన్నే అడిగాడు. కాబట్టి డిజైనర్‌తో రాసుకునే ఒప్పందంలో చివరి వాయిదా డబ్బును ఒక షరతుకు కట్టండి. స్క్రీన్ రీడర్ వాడే ఒకరు, మౌస్ వాడలేని ఒకరు సైట్‌లో ఒక కీర్తన, ఒక ప్రసంగం, సంఘం ఫోన్ నంబరు ఎవరి సాయమూ లేకుండా చేరుకోవాలి. చేరుకున్నామని వాళ్లు సంతకం పెట్టాకే ఆ డబ్బు ఇవ్వాలి. వాళ్లు చేసేది పని, సేవ పేరుతో ఊరికే చేయించుకోకండి. వాళ్ల ఫీజును బడ్జెట్‌లో స్లైడర్ ఫొటోల ఖర్చుకన్నా పైన రాయండి.