సుడులు చూచితిమి, మేత చూడమైతిమి



పద్యాలూ ప్రబంధాలూ వదిలి ఈ పంతులు గుఱ్ఱపుసాలలో ఎందుకు దూరినాడని మీరు ఆశ్చర్యపడవచ్చు. కారణం చెబుతాను.

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట పెండ్లి జరిగింది. వరుణ్ణి ఊరేగించడానికి ఒక తెల్లని గుఱ్ఱాన్ని మాట్లాడినారు. దాని యజమానితో బేరమాడి సొమ్ము తగ్గించినవారిలో నేనూ ఒకణ్ణి. ఊరేగింపు బయలుదేరబోతూ ఉండగా జరీ కుచ్చుల వస్త్రం ఒక ప్రక్కకు జారింది. సర్దుదామని చేయి వేసినాను. అరచేతికి పొట్టు వంటి తెల్లని చుండు అంటింది. వెండ్రుక కొబ్బరిపీచు వలె బిరుసుగా ఉన్నది. తెల్లని గుఱ్ఱంలో మెఱుపు లేనితనం కంటికి తొందరగా ఆనదు. చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది.

"దీనికి ఏమి పెడుతున్నావు, బాబూ?" అని అడిగినాను.

"తవుడండీ, ఎండుగడ్డండీ. గిరాకీ బాగున్ననాడు ఉలవలండీ. అయినా పరవాలేదు మాస్టారూ, నూనె రాస్తే మెరుస్తుందండీ" అన్నాడు.

ఆనాడు మేము తగ్గించిన సొమ్ము ఎవరి నోటి ముందునుండి తీసినదో నాకప్పుడు అర్థమైంది. ఆ రాత్రి విందు నాకు రుచించలేదు. ఆ కుఱ్ఱవాని చివరి మాటే ఈ టపాకు మూలం. గుఱ్ఱపు మేని మెఱుపు పైన పూసేది కాదు, కడుపులోనుండి వచ్చేది. ఆ సంగతి తెలియకనో, తెలిసీ ఓపిక లేకనో మనం శతాబ్దాలుగా చర్మాన్ని చూస్తున్నాము గాని గాడిని చూడడం లేదు.

మన అశ్వశాస్త్రం సామాన్యమైనది కాదు. శాలిహోత్రుని పేరు హిందూస్తానీలో 'సాలోత్రి'గా మారి గుఱ్ఱపు వైద్యునికే పేరైంది. నకులుని పేర అశ్వశాస్త్రం ఉన్నది. విరాటుని కొలువులో ఆయన చేసినదీ గుఱ్ఱాల సంరక్షణమే. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణవిలాసము' రచించినాడు. ఈ శాస్త్రంలో సుడులకు, అనగా ఆవర్తాలకు, గొప్ప స్థానం ఉన్నది. వెండ్రుక ఏ చోట సుడి తిరిగితే యజమానికి జయం, ఏ చోట తిరిగితే నాశం అని లెక్కలు కట్టినారు. భారతంలో బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని కొఱకు చిక్కిన గుఱ్ఱాలను ఎన్నుకొన్నప్పుడు రాజు సందేహించినాడు. నలుడు వాటి సుడులు చూపి సమర్థించుకొన్నాడు. నేటికీ గుఱ్ఱాల సంతలో సుడి చూడనిదే బేరం కుదరదు.

పెద్దలను తప్పుపట్టే సాహసం చేయను. ఆ గ్రంథాలలో మేతను గూర్చీ చికిత్సను గూర్చీ ప్రకరణాలు లేకపోలేదు. కాని మనం వారసత్వంగా నిలుపుకొన్నది సుడుల భాగాన్ని, జారవిడిచినది మేత భాగాన్ని. సుడి చూడడానికి ఖర్చు లేదు, మేతకు ఖర్చు ఉన్నది. అంతకన్న వేఱే కారణం నాకు తోచదు.

ఇంతకూ చర్మానికీ మేతకూ సంబంధం ఏమిటి? వెండ్రుకలో అధికభాగం మాంసకృత్తే. ఆ మాంసకృత్తుకు గంధకం కలిగిన అమైనో ఆమ్లాలు కావాలి. వెండ్రుక మీది నిగనిగ చర్మంలోని తైలగ్రంథుల నుండి వస్తుంది. ఆ గ్రంథులు చక్కగా పనిచేయడానికి మేతలో మంచి కొవ్వు, ఏ విటమిను, జింకు, రాగి వంటివి ఉండాలి. ఆహారం చాలనప్పుడు శరీరం ముందు గుండెను, ఊపిరితిత్తులను కాపాడుకొంటుంది. చర్మం వంతు చివరకు వస్తుంది. కనుకనే లోపలి లోటు మొదట బయట కనబడుతుంది.

ఇక గాడిలో ఏముండాలో చూద్దాం. మొదటిది గడ్డి, రెండవదీ గడ్డే. గుఱ్ఱం ఆవు వలె నెమరువేసే జంతువు కాదు. దాని జీర్ణాశయం ఒకటే, అదీ చిన్నది. గడ్డిని పులియబెట్టి సారం తీసే పని వెనుక ప్రేగులలో జరుగుతుంది. కనుక దానికి కొద్దికొద్దిగా, దాదాపు రోజంతా మేత అందాలి. దాని బరువులో నూటికి ఒకటిన్నర నుండి రెండు పాళ్ళు, ఎండు లెక్కలో, గడ్డి జాతి మేత కావాలి. 300 కిలోల గుఱ్ఱానికి ఇది 4.5 నుండి 6 కిలోలు. పచ్చగడ్డిలో నాలుగింట మూడు పాళ్ళకు పైగా నీరే కనుక పచ్చిగా తూచితే 20 కిలోలు దాటుతుంది. ఊరేగింపు నడుమ ఒక కట్ట గడ్డి విసిరి సరిపెట్టేవారు ఈ లెక్క గమనించాలి.

అన్ని గడ్డులూ సమానం కావు. వరిగడ్డిలో మాంసకృత్తు బహు తక్కువ, ఏ విటమినుగా మారే కెరోటిన్ దాదాపు శూన్యం. నెలల తరబడి అదే తిన్న గుఱ్ఱానికి చర్మం పొడిబారి పొట్టు రాలుతుంది. లోటు ఇంకా ముదిరితే రేచీకటి కూడా వస్తుంది. 'గుఱ్ఱం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని మనకొక సామెత ఉన్నది. మేత తక్కువైతే చూపున్న గుఱ్ఱమే గుడ్డిదవుతుందని దానికి కొనసాగింపుగా చెప్పుకోవాలి. దీనికి మందు మన గట్ల మీదనే ఉన్నది. వినాయకునికి భక్తితో సమర్పించే గరిక గుఱ్ఱానికి శ్రేష్ఠమైన మేత. లూసర్న్ గడ్డి కొంచెం కలిస్తే మఱీ మేలు. అరవంలో ఆ గడ్డికి గుఱ్ఱం పేరే పెట్టి 'కుదిరైమసాల్' అంటారు.

ఇక ఉలవలు. ఆంగ్లేయులు వీటికి గుఱ్ఱపు గింజలని అర్థం వచ్చే పేరు ఊరకనే పెట్టలేదు. వీటిలో నూటికి సుమారు 22 పాళ్ళు మాంసకృత్తు ఉన్నది. పచ్చి గింజలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే అవి చాలావరకు నశిస్తాయి. మన పెద్దలు గుగ్గిళ్ళు చేసి పెట్టడంలోని విజ్ఞత ఇదే. అయితే వెండ్రుకకు కావలసిన గంధకపు అమైనో ఆమ్లాలు పప్పుజాతి గింజలలో తక్కువ. గడ్డి లేకుండా వట్టి ఉలవలు పెట్టి మెఱుపు రమ్మంటే రాదు. పైగా ఒక్కసారిగా ఎక్కువ గింజలు పెడితే కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

తవుడు విషయంలో న్యాయంగా మాట్లాడాలి. తాజా తవుడులో నూనె ఉన్నది కనుక అది మేనికి కొంత నిగారింపు ఇవ్వగలదు. కాని అందులో భాస్వరం సున్నం కంటె పది రెట్లకు పైగా ఉంటుంది. గుఱ్ఱపు మేతలో సున్నమే భాస్వరం కంటె ఎక్కువ ఉండాలి. తవుడే ముఖ్యాహారమైతే శరీరం ఆ లోటును ఎముకలలోని సున్నంతో పూడ్చుకొంటుంది. ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బుతుంది. అనగా తవుడు పైన ఇచ్చిన మెఱుపుకు లోపల ఎముకను బదులుగా తీసుకొంటుంది. నూనె తీసిన తవుడైతే ఆ మెఱుపు కూడా దక్కదు. నిలువ ఉంటే తవుడు కొద్దిరోజులకే ముక్కిపోతుంది.

చౌకగా దొరికే మేలైన వస్తువు అవిసె గింజ. 2002లో కెనడాలో ప్రచురితమైన ఒక పరిశోధన నాకు ఆసక్తి కలిగించింది. సన్నని ఈగలు కుట్టడం వలన దురద వచ్చే ఆఱు గుఱ్ఱాలకు 42 రోజులు అవిసె గింజలు పెట్టి చూచినారు. ఆ ఈగల సారంతో చేసిన చర్మపరీక్షలో దద్దురు విస్తీర్ణం తగ్గింది. ఆఱు గుఱ్ఱాలతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. అయినా అందులో ప్రమాదం స్వల్పం, ఖర్చు స్వల్పం. గుఱ్ఱానికి పిత్తాశయం లేదు. పైత్యరసం నిలువ ఉండక నిరంతరం కొద్దికొద్దిగా ప్రేగులోకి కారుతుంది. అందుచేత నూనె గింజలను ఒక చెంచాతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలలో మెల్లగా పెంచి, సుమారు 100 గ్రాముల దగ్గఱ ఆపితే చాలును. ఉడికించి గాని, అప్పటికప్పుడు దంచి గాని పెట్టాలి. చన్నీటిలో నానవేసి వదిలిపెట్టకూడదు.

ఉప్పును మఱువరాదు. గుఱ్ఱపు చెమట మన చెమట కన్న ఉప్పన. పని లేనినాడే 300 కిలోల గుఱ్ఱానికి సుమారు 15 గ్రాములు కావాలి, చెమటోడ్చిననాడు ఇంకా ఎక్కువ. దీనికి తోడు కడుపునిండా మంచినీరు. రాగి, జింకు తక్కువైతే నల్లని గుఱ్ఱం రంగు వెలిసి ఎఱ్ఱబారుతుంది. వాటి కొఱకు పశువైద్యుని అడిగి ఖనిజలవణ మిశ్రమం పెట్టడం మంచిది.

మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలవారికి ఒక హెచ్చరిక. కాగితపు మిల్లుల కొఱకు పెంచే సుబాబుల్ ఆకును మేకలూ పశువులూ తింటున్నాయి గదా అని గుఱ్ఱానికి వేయకండి. అందులోని మైమోసిన్ అనే పదార్థం వలన జూలూ తోకా ఊడిపోతాయి. నెమరువేసే జంతువుల కడుపులో ఆ విషాన్ని విఱిచే సూక్ష్మజీవులు ఉండవచ్చు, గుఱ్ఱానికి ఆ రక్ష లేదు. పచ్చనిదల్లా మేత కాదు.

మెఱుపు కొఱకు మనిషి చేసిన మోసాలూ ఉన్నవి. 19వ శతాబ్దంలో ఆస్ట్రియాలోని స్టైరియా ప్రాంతంలో గుఱ్ఱాలకు పాషాణం కొద్దికొద్దిగా పెట్టేవారు. మేను నిగనిగలాడి సంతలో మంచి ధర పలికేది. కొబ్బరినూనె పూయడం ఆ పాషాణం వంటిది కాదు గాని ఉద్దేశం ఒకటే, చూచేవాని కన్ను కప్పడం. నూనె మీద ధూళి పేరుకొని, జీను కింద ఒఱసి పుండ్లు పడితే ఆ బాధ గుఱ్ఱానిదే. మాలీసు వేఱు సంగతి. రోజూ దువ్వితే చర్మంలోని సహజతైలం వెండ్రుక పొడుగునా వ్యాపిస్తుంది. కాని లోపల తైలమే పుట్టనప్పుడు దువ్వెన దేనిని వ్యాపింపజేస్తుంది?

అన్నీ మేతతోనే నయమవుతాయని నేను అనడం లేదు. కడుపులో పురుగులుంటే ఎంత పెట్టినా మేనికి పట్టదు. దంతాలు అరిగి నమలలేకపోయినా అంతే. పేలు, తామర ఉంటే మందు వాడాలి. ముసలి గుఱ్ఱానికి వేసవిలో కూడా బొచ్చు రాలకుండా పెరుగుతూ ఉంటే అది గ్రంథి రోగం కావచ్చు. వీటికి వైద్యుడే దిక్కు. మేత మార్చిన మఱునాడే మెఱుపు రాదని కూడా తెలుసుకోవాలి. ఆఱు నుండి ఎనిమిది వారాలైనా ఓపిక పట్టాలి.

"పొట్టకూటికి గుఱ్ఱాన్ని నడిపేవాడు ఇవన్నీ ఎక్కడ తెస్తాడయ్యా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ కుఱ్ఱవాణ్ణి నిందించడానికి నేను ఈ టపా వ్రాయలేదు. తవుడు చౌక కనుక అతడు తవుడు పెడుతున్నాడు. మనం బేరమాడుతున్నాము కనుక అతనికి చౌకదే గతి. గరికకు కూలి తప్ప ధర లేదు, ఉప్పు అగ్గువ, గుప్పెడు అవిసెలు పెద్ద భారం కావు. కాని అతనికి పని దొరికేది ముహూర్తాలున్న కొన్ని నెలలు మాత్రమే. గుఱ్ఱానికి ఆకలి పన్నెండు నెలలూ ఉంటుంది. ఒక గంట ఊరేగింపుకు మనమిచ్చే కిరాయిలో మూఢమి నాటి గడ్డి కూడా చేరి ఉండాలి. జరీ వస్త్రానికీ బాజాలకూ వెనుదీయని చేయి గుఱ్ఱం దగ్గఱికి వచ్చేసరికి ముడుచుకోవడం మర్యాద కాదు. నిజానికి పెండ్లికి గుఱ్ఱమే అవసరం లేదని నా అభిప్రాయం. మన సంప్రదాయంలో పల్లకి ఉన్నది, కాలినడక ఉన్నది. తప్పదనుకొన్నవారు మేతకు సరిపడా ఇవ్వండి.

మఱొక్క మనవి. గుఱ్ఱాన్ని మాట్లాడేముందు ఆ కుచ్చుల వస్త్రం ఒక్కసారి ఎత్తి చూడండి. వెండ్రుకలకు ఎదురుగా అరచేయి నిమరండి. చుండు రాలితే, చర్మం కఱచుకొని ఉంటే, ప్రక్కటెముకలు లెక్కకు వస్తే, ఆ గుఱ్ఱానికి ఆనాడు కావలసినది గడ్డీ విశ్రాంతీ, వరుని బరువు కాదు.

పెండ్లి అయిన నాలుగు రోజులకు ఆ కుఱ్ఱవాణ్ణి వెదకి, మేము తగ్గించిన సొమ్ములో నా వంతు ఇచ్చి వచ్చినాను. ఒక సంచి ఉలవలూ, ఒక వీశెడు అవిసెలూ కూడా ఇచ్చినాను. అతడు తీసుకొని, "నూనె మానేస్తానండీ" అన్నాడు. గుఱ్ఱం మాత్రం నా వైపు చూడనైనా చూడలేదు. అది సంచినే చూస్తున్నది.

మీ ఊళ్ళలో జట్కా గుఱ్ఱాలకు పూర్వం ఏమి పెట్టేవారో తెలిసినవారు వ్యాఖ్యలలో తెలియజేయగలరు. ఆ కుఱ్ఱవానికి చదివి వినిపిస్తాను.

సెలవు.