అరకులో క్యాసినో ఎందుకు లేదంటే...

పెళ్లిరోజంటే ఒకప్పుడు పొద్దున గుడికెళ్లి అర్చన, మధ్యాహ్నం పాయసం, సాయంత్రం సినిమా. తర్వాత కేకు వచ్చింది. ఇప్పుడు 'రెండు రాత్రులు, మూడు పగళ్లు' వచ్చింది. పిల్లలు హాస్టళ్లలో, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే ఆలుమగలిద్దరే బ్యాగు సర్దుకుని బయల్దేరుతున్నారు. మంచిదే. ఇంట్లో ఉంటే కరెంటు బిల్లు గురించి తప్ప మరో మాట మాట్లాడుకోని వాళ్లు ఊరు దాటాకయినా నాలుగు మాటలు చెప్పుకుంటారు. కాకపోతే ఏ ట్రావెల్స్ వాళ్ల ప్రకటన చూసినా మొదటి పేరు గోవా. ఖరీదైన గది, మండోవి నదిలో నిలబడిన ఓడ, ఓడ నిండా క్యాసినో.

మా వీధిలో ఒక జంట కిందటేడు అలాగే వెళ్లొచ్చింది. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, ఆవిడ టీచరు. ఎలా జరిగిందమ్మా అని అడిగాను. ''గది చాలా బాగుంది వదినా. పరుపు ఎంత మెత్తగా ఉందో! కాకపోతే రెండు రాత్రులూ దానిమీద నేనొక్కదాన్నే పడుకున్నాను'' అంది. ఆయన తెల్లవారుజామున నాలుగింటికి ఓడ దిగి వచ్చి, ''ఎంత పోయిందని మాత్రం అడక్కు'' అన్నార్ట. ఆవిడ అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.

అడక్కపోయినా లెక్క తెలుసుకోవడం కష్టం కాదు. రౌలెట్ అని ఒక చక్రం ఉంటుంది. ఒకటి నుంచి 36 దాకా అంకెలు, వాటితోపాటు ఒక సున్నా. మొత్తం 37 గళ్లు. మీరు వంద రూపాయలు పెట్టిన అంకె మీద గోళీ ఆగితే 3,500 ఇచ్చి, మీ వందా మీకిస్తారు. ఎంత ఉదారమో అనిపిస్తుంది. ఇప్పుడు ఏ అంకెనీ వదలకుండా 37 గళ్ల మీదా తలా వంద పెట్టి చూడండి. మీకయ్యేది 3,700. గోళీ ఎక్కడ ఆగినా చేతికొచ్చేది 3,600. వంద రూపాయలు వాళ్ల పెట్టెలో. మోసం లేదు, మాయ లేదు. ఆ సున్నా ఒక్కటి చాలు. కొన్ని చోట్ల రెండు సున్నాలుండే చక్రం పెడతారు, అప్పుడు వాళ్ల వాటా దాదాపు రెట్టింపు. మనిషికి ఈ లెక్క గుర్తు రాకుండా ఉండటానికే కాబోలు, పాతకాలపు క్యాసినోల్లో గోడకి గడియారం ఉండదు, కిటికీ ఉండదు. బయట తెల్లారిందో చీకటి పడిందో తెలియదు. ఇంకో సంగతి, అక్కడ భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరూ చక్రాన్నే చూస్తారు.

మన దగ్గర ఈ సరదాకి చోటు లేదు. గోవాలో 1976 నాటి జూద నిషేధ చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్‌స్టార్ హోటళ్లలో మెషిన్ల ఆటకు దారిచ్చారు, తర్వాత ఓడలొచ్చాయి. సిక్కింలోనూ చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1974లోనే గేమింగ్ చట్టం తెచ్చి తలుపు మూసేశారు. పదమూడు ముక్కలాటకి మినహాయింపు దొరికిందంటే 1967లో మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు ఉందని చెప్పడం వల్ల. ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అందుకే మనవాళ్లు గోవాకీ, నేపాల్‌కీ విమానాలెక్కుతున్నారు. సంక్రాంతి కోడిపందేల మాట ఎత్తకండి, అది వేరే వారం రాసుకోవాల్సిన కథ.

ఇక అరకు సంగతి. మా ఇరవై అయిదో పెళ్లిరోజుకి మావారు గోవా మాట ఎత్తకముందే నేను విశాఖ నుంచి కిరండోల్ రైలుకి రెండు టికెట్లు తీయించాను. పొద్దున్నే ఏడు లోపే బయల్దేరుతుంది. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. 2017 ఏప్రిల్ నుంచి ఈ రైలుకి అద్దాల పెట్టె కూడా తగిలించారు, పైకప్పు కూడా అద్దమే. టికెట్టు ఖరీదెక్కువ. మేం మామూలు పెట్టెలోనే ఎక్కాం. అద్దాల పెట్టెలో కిటికీ తెరుచుకోదు మరి. చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకోకుండా అరకు ఎందుకు వెళ్లాలి?

శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఈ దారిని 1960లలో వేశారు, పర్యాటకుల కోసం కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి. 58 సొరంగాలు తవ్వారు. సొరంగం రాగానే కుర్రకారంతా ఒక్కసారిగా కేకలు పెడతారు, ఇది ఆ రైల్లో ఆచారం. మూడో సొరంగం దగ్గర మావారు నా పక్కనుంచి ఎలుగెత్తి అరిచారు. ఇరవై అయిదేళ్లలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ''ఏమండీ, బాగానే ఉన్నారా?'' అంటే ''నువ్వూ అరువోయ్, ఎవరూ చూడరు, చీకటి'' అన్నారు. శిమిలిగూడ స్టేషను వచ్చేసరికి నా గొంతు కూడా బొంగురుపోయింది. దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ స్టేషనే బ్రాడ్‌గేజ్ దారుల్లో అన్నిటికంటే ఎత్తయినదని చాలాకాలం చెప్పుకునేవారు. ఇప్పుడు కాశ్మీర్ దారి ఆ పేరు తీసుకుపోయింది.

అరకులో దిగి, గది తాళం చేతికొచ్చాక మావారికి అసలు ప్రశ్న పుట్టింది. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు వచ్చాయి. కానీ గోవా ప్రకటనల్లో చూసిన ఈతకొలనూ, మెరిసే హాలూ లేవు. ''ఇంత మంచి చోట ఒక్క పెద్ద స్టార్ హోటలూ లేదేమిటోయ్? ఎవరికీ తోచలేదా?'' అన్నారు.

తోచింది. చాలామందికి తోచింది. అడ్డం పడింది ఒక చట్టం. ఏజెన్సీలో ఏ కాఫీ కొట్టు దగ్గర అడిగినా 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. చదువురాని ముసలమ్మకి కూడా ఆ ఇంగ్లీషు ముక్క తెలుసు. అది 1970వ సంవత్సరపు ఒకటో నంబరు రెగ్యులేషను. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు అమ్మడం, రాసివ్వడం, లీజుకివ్వడం చెల్లదంటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని మరో గిరిజనేతరుడు కూడా కొనకూడదు. ఒకవేళ గిరిజనేతరుడి దగ్గర భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. దీనికి ముందు 1959 నాటి రెగ్యులేషను, దానికీ ముందు తెల్లవాళ్ల కాలంలో 1917 నాటి చట్టం ఉన్నాయి. ఉప్పుకీ బట్టకీ అప్పులిచ్చి, వడ్డీకింద పొలాలు రాయించుకున్న షావుకార్ల అనుభవం అంత పాతది.

మరి ప్రభుత్వమే తన భూమిని ఒక పెద్ద కంపెనీకి ఇస్తే? ఆ ప్రశ్నకి జవాబు అరకు దారిలోనే దొరికింది. మనం టికెట్టు కొని మెట్లు దిగి చూసే బొర్రా గుహలు ఉన్నాయి కదా, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో నెగ్గలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒకటే మాట చెప్పారు. చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. తవ్వాలనుకుంటే ప్రభుత్వ సంస్థ తవ్వుకోవచ్చు, లేదా గిరిజనుల సహకార సంఘాలు. అరకులో చెప్పుకోదగ్గ వసతి గృహాలు హరిత, మయూరి అంటూ టూరిజం కార్పొరేషన్ చేతిలోనే ఎందుకున్నాయో మావారికి అప్పుడు అర్థమైంది.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే ఈ చట్టాన్ని సవరించాలన్న మాట శాసనసభ స్పీకర్ నోట అక్కడ వచ్చింది. కొండలన్నీ కదిలాయి. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఆదివాసీ సంఘాలూ వామపక్షాలూ 48 గంటల బంద్ చేశాయి. చట్టాన్ని తొలగించే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు స్వయంగా ప్రకటించాల్సి వచ్చింది.

ప్రైవేటు రిసార్టులు అసలే లేవని నేననడం లేదు. ఉన్నాయి, ఏటా పెరుగుతున్నాయి కూడా. ముందు గిరిజనుడి పేరు, వెనక బయటివాడి డబ్బు అన్న తరహావి తక్కువేం కాదని ఆదివాసీ సంఘాలు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాయి. రెండోవైపు, పెద్ద హోటళ్లొస్తే కొండ కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తాయి కదా అనేవాళ్లున్నారు. వస్తాయి. గేటు దగ్గర సలాం కొట్టే ఉద్యోగం, అదీ ఒకప్పటి తన పొలం గేటు దగ్గర. నాకైతే ఆ బేరం రౌలెట్ చక్రంలా కనిపిస్తుంది. కంపెనీ వాడు పందెంలో పెట్టేది డబ్బు, పోతే బ్యాంకు చూసుకుంటుంది. కొండవాడు పెట్టేది భూమి. అది ఒక్కసారి పోతే మళ్లీ ఆడటానికి అతని దగ్గర ఏమీ ఉండదు.

సరే, ఈతకొలను లేని ఊళ్లో ఆలుమగలు రెండు రోజులు ఏం చేస్తారు? మేం చేసింది చెబుతాను. నడిచాం. పద్మాపురం తోటలో నడిచాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. గిరిజన మ్యూజియంలో రెండు గంటలు గడిచిపోయాయి. సాయంత్రం థింసా చూశాం. ఆడవాళ్లు వరసగా నిలబడి ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పట్టుకుని తిరుగుతారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, అడుగు కలపబోతే తెలుస్తుంది. మావారు కలపబోయారు, పక్కనున్న పెద్దావిడ ఆయన్ని మర్యాదగా చివరికి నెట్టేసింది.

మర్నాడు అనంతగిరి వైపు కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్ నీడ, దాన్ని అల్లుకుని మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడతాయి. ఈ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే 2017లో పారిస్‌లో 'అరకు' పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. పండించేవాళ్లు ఎకరం, రెండెకరాల గిరిజన రైతులు. భూమి వాళ్ల పేరు మీదే ఉంది కాబట్టి ఆ కాఫీ డబ్బులో ఎంతోకొంత వాళ్లింటికి చేరుతోంది. అదే కొండ ఎవరి ఎస్టేటో అయ్యుంటే కూలీ మాత్రమే చేరేది.

వెళ్లేవాళ్లకి రెండు మూడు మాటలు. డిసెంబరు, జనవరి శని ఆదివారాలు వద్దు. ఘాట్ రోడ్డు మీద కార్లు గంటలకొద్దీ నిలిచిపోతాయి, గదులు దొరకవు. సెలవు పెట్టి మంగళ, బుధవారాల్లో వెళ్లండి, కొండంతా మీదే అన్నట్టుంటుంది. శీతాకాలం మొదట్లో లోయంతా పసుపు పచ్చగా వలిసె పూలు పూస్తాయి. అవి నూనెగింజల పంట, ఎవరో వేసుకున్న పొలం. ఫొటో కోసం మధ్యలోకి దిగకండి, గట్టు మీదనుంచే తీసుకోండి. రైతు పది రూపాయలడిగితే ఇవ్వండి. బొంగులో చికెన్ దారిలో ఎక్కడైనా దొరుకుతుంది, వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది, హోటల్ గదికి తీసుకెళ్లి తింటే ఆ రుచి రాదు. వారపు సంత ఏ రోజో ముందు కనుక్కుని వెళ్లండి. పసుపు, మిరియాలు, కొండచీపుర్లు అక్కడ కొనండి.

సంతలో ఒక ముసలమ్మ దగ్గర నేను పిప్పళ్లు కొన్నాను. ధర చెప్పింది. అలవాటు కొద్దీ సగానికి అడగబోతుంటే మావారు నా మోచెయ్యి పట్టుకుని, అడిగినంతా ఇచ్చేశారు. ఆవిడ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఇంకో గుప్పెడు పిప్పళ్లు నా సంచిలో వేసింది.