కర్త లేని వాక్యాలు
రాజ్యాంగంలోనూ చట్టాల్లోనూ ‘షల్’, ‘మే’ అనే రెండు చిన్న సహాయక క్రియల మీదే చాలాసార్లు పౌరుడి హక్కు ఆధారపడుతుంది. ‘షల్’ అంటే చేసి తీరాలి. ‘మే’ అంటే చెయ్యొచ్చు, మానొచ్చు. అక్కడా మెలికలున్నాయి. ఉమ్మడి పౌరస్మృతి గురించిన 44వ అధికరణంలో ‘షల్’ ఉన్నా, వెంటనే ‘ఎండెవర్’ వచ్చి దాన్ని ప్రయత్నం దగ్గరే ఆపేసింది. కొన్ని సందర్భాల్లో ‘మే’ని కూడా ‘షల్’గానే చదవాలని మన కోర్టులు చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో 2007లో ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నిబంధనలను తిరగరాసినప్పుడు ఈ తంటా లేకుండా దాదాపు అన్నిచోట్లా ‘షల్’ తీసేసి ‘మస్ట్’, ‘మే’, ‘షుడ్’ పెట్టారు. మన చట్టాలకూ ఆ పని ఎప్పుడో జరగాల్సింది. పని చేసిందెవరో చెప్పకుండానే వాక్యం ముగించగల పాసివ్ వాయిస్ (కర్మణి ప్రయోగం) సంగతి వేరు. దాన్ని వాడనే కూడదని నేర్పడం మాత్రం అన్యాయం. ఎవరి ప్రాణమూ, స్వేచ్ఛా చట్టపద్ధతిలో తప్ప హరించబడకూడదనే 21వ అధికరణం పాసివ్‌లోనే ఉంది. హరించేది ఎవరో చెప్పలేదు కాబట్టే కానిస్టేబులు నుంచి మంత్రి దాకా అందరికీ అది వర్తిస్తుంది. అదే పాసివ్‌లో 1987 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారంలో తీవ్రమైన పొరపాట్లు జరిగాయన్నారు. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. ‘మీ దరఖాస్తు తిరస్కరించబడినది’ అని మన ఆఫీసులు పంపే తెలుగు ఉత్తరాలదీ ఇదే వరస. పింఛను ఆగిపోయిన ముసలమ్మ ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? తిరస్కరించిన అధికారి హోదా, కారణం, అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఆ వాక్యంలోనే రాయాలి.